ఏళ్ల తరబడి మందు తాగితే న్యూరాన్లలో జన్యువుల పని ఎలా మారుతుంది?

కోడ్‌పుంజు • ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఎంటెక్ బయోఇన్ఫర్మాటిక్స్ చివరి సెమిస్టర్ నాది, దీర్ఘకాలం మద్యం తాగినవాళ్ల మెదడులో జన్యు వ్యక్తీకరణ మీద ప్రాజెక్టు చేయమని గైడ్ గారు అంటగట్టారు. 2020లో ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ వాళ్లు వేసిన పేపర్ ఒకటి పట్టుకుని కూర్చున్నాను. చనిపోయినవాళ్ల ప్రీఫ్రంటల్ కార్టెక్స్ (నుదురు వెనకుండే మెదడు పైపొర) నుంచి కణ కేంద్రకాలు వేరుచేసి ఒక్కో కేంద్రకంలో ఏ ఆర్‌ఎన్‌ఏ (జన్యువును చదివి తీసిన నకలు) ఎంతుందో లెక్కేశారు, కొందరు మద్యానికి బానిసలు, కొందరు కాదు. మొత్తం ఏడుగురు మనుషులు, 16 వేలకు పైగా కేంద్రకాలు.

నా తికమక ఏంటంటే, మద్యం న్యూరాన్లను పాడుచేస్తుందని చిన్నప్పటి నుంచి వింటున్నాం కదా, ఇక్కడ మాత్రం ఎక్కువ తేడాలు న్యూరాన్లలో కాకుండా ఆస్ట్రోసైట్లు, ఆలిగోడెండ్రోసైట్లు, మైక్రోగ్లియా అనే గ్లియా కణాల్లో (న్యూరాన్లకు తోడుండేవి) కనిపిస్తున్నాయి. మొత్తం కార్టెక్స్ ముక్కను నలిపి కొలిచిన పాత పేపర్లు చూసినా తేడాలు చిన్నవే, ఒకటిన్నర రెట్లు దాటినవి తక్కువ. పైగా మద్యం అంటే రెండు కార్బన్ల బుడ్డ అణువు. అది కేంద్రకంలోకి వెళ్లి ఏ జన్యువును ఎంత చదవాలో ఎలా మారుస్తుంది? బయాలజీ నాకు ఇంటర్‌తోనే అయిపోయింది, కొంచెం నిదానంగా చెప్పండి.

బెల్టుషాపు_బాధితుడు • ఆదివారం, రాత్రి 9:30

తాగితే పాడవుతుంది, తాగకపోతే పాడవదు. దీనికి 16 వేల కేంద్రకాలు లెక్కపెట్టాలా బ్రదర్?

పైపెట్_పద్మ • ఆదివారం, రాత్రి 11:05

తమ్ముడూ, ఫిలడెల్ఫియాలో పోస్ట్‌డాక్ చేస్తున్నాను, మా ల్యాబ్ టాపిక్ ఇది కాదు గానీ హిస్టోన్ల మీదే పని కాబట్టి కొంత చెప్పగలను.

ముందు ఒక సంగతి పక్కన పెట్టేద్దాం. ఇక్కడ మాట్లాడేది డీఎన్‌ఏ అక్షరాలు మారడం గురించి కాదు. నీ లివర్ కణంలోనూ న్యూరాన్‌లోనూ ఉన్నది ఒకే డీఎన్‌ఏ, దాదాపు 20 వేల ప్రోటీన్ జన్యువులు. ఏ కణంలో ఏ జన్యువు నుంచి ఎంత ఆర్‌ఎన్‌ఏ తయారవుతోంది అన్నదే వ్యక్తీకరణ. డీఎన్‌ఏ హిస్టోన్ అనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. హిస్టోన్ తోకలకు ఎసిటైల్ గుంపులు తగిలితే ఆ చుట్ట వదులై, అక్కడున్న జన్యువును చదివే యంత్రాంగానికి దారి దొరుకుతుంది. వాటిని పీకేసే ఎంజైములు హెచ్‌డ్యాక్‌లు. డీఎన్‌ఏ మీదే నేరుగా మిథైల్ గుంపు తగిలిస్తే మాత్రం చాలా చోట్ల ఆ జన్యువు అణిగిపోతుంది.

ఇప్పుడు మద్యం సంగతి. లివర్‌లో ఆల్కహాల్ మొదట ఎసిటాల్డిహైడ్ అవుతుంది, తర్వాత ఎసిటేట్ అవుతుంది. ఎసిటాల్డిహైడ్ విషం అని అందరూ చెబుతారు, ఎసిటేట్‌ను మాత్రం చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు, అదేదో ఒంట్లో కాలిపోయే ఇంధనం అనుకుని వదిలేశారు. 2019లో ఇక్కడి పెన్సిల్వేనియా యూనివర్సిటీలో షెల్లీ బెర్గర్ బృందం ఎలుకలకు డ్యుటీరియం ఉన్న ఆల్కహాల్ ఇచ్చింది. డ్యుటీరియం అంటే బరువైన హైడ్రోజన్, కాబట్టి ఆ ఆల్కహాల్ ముక్కలు ఎక్కడికి వెళ్లినా మాస్ స్పెక్ట్రోమీటర్‌లో దొరికిపోతాయి. దొరికాయి కూడా, మెదడులోని హిస్టోన్ల మీద, ఎసిటైల్ గుంపుల రూపంలో. కొన్ని గంటల్లోనే! అంటే పొట్టలోకి వెళ్లిన మందు లివర్‌లో ఎసిటేట్‌గా మారి, రక్తంలో మెదడుకు చేరి, న్యూరాన్ కేంద్రకంలో ఏసీఎస్‌ఎస్2 అనే ఎంజైము చేతిలో పడి ఎసిటైల్ కోఏ అయి, హిస్టోన్‌కు అంటుకుంది. హిప్పోక్యాంపస్‌లో (జ్ఞాపకాల పని చూసే మెదడు భాగం) ఆ ఎంజైమును తగ్గిస్తే ఆ గుర్తులూ తగ్గాయి. మామూలుగా ఎలుకలు మద్యం దొరికిన గదిని గుర్తుపెట్టుకుని అక్కడికే పోతుంటాయి, ఎంజైము తగ్గించినవాటికి ఆ అలవాటు పట్టలేదు.

నీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. అణువు చిన్నదే, కానీ అది విరిగాక మిగిలే ముక్క సరిగ్గా హిస్టోన్‌కు తగిలించే సరుకు. కడుపుతో ఉన్న ఎలుకకు ఇస్తే పుట్టబోయే పిల్లల మెదడు హిస్టోన్ల మీద కూడా ఆ బరువు హైడ్రోజన్ కనిపించింది. ఆ పేపర్లో నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే.

ఉప్పూకారం • ఆదివారం, రాత్రి 11:40

ఎసిటేట్ అంటే వెనిగర్‌లో ఉండేదే కదా అక్కా? చైనీస్ బండి దగ్గర నూడుల్స్ మీద పోసుకునేది. మరి నేనూ బానిసనేనా 😄

పైపెట్_పద్మ • సోమవారం, ఉదయం 12:10

నవ్వుకో గానీ లెక్క వేద్దాం. మన దగ్గర విస్కీ 42.8 శాతం, 60 ఎంఎల్ పెగ్గులో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. అది దాదాపు అంతా మారితే 26 గ్రాముల ఎసిటిక్ ఆమ్లానికి సమానం. 5 శాతం వెనిగర్ ఒక పెద్ద చెంచాలో ముప్పావు గ్రాము ఉంటుంది. ఒక్క పెగ్గుకి ముప్పై నలభై చెంచాలు తాగాలి నువ్వు. అలాగని పెగ్గు నుంచి వచ్చిందంతా మెదడుకే పోదు, గుండె, కండరాలు చాలా వాడేసుకుంటాయి.

రాత్రి_డ్యూటీ • సోమవారం, ఉదయం 2:25

సైకియాట్రీ వార్డులో పనిచేస్తాను, ఈ టైములో ఖాళీ దొరికింది కాబట్టి రాస్తున్నా. పద్మ గారు చెప్పింది తాగిన కొన్ని గంటల్లో జరిగేది. థ్రెడ్ టైటిల్లో ‘ఏళ్ల తరబడి’ అని ఉంది, అసలు కథ అక్కడుంది.

రిసెప్టర్లంటే న్యూరాన్ మీద సంకేతాలు అందుకునే ప్రోటీన్లు. మద్యం గాబా రిసెప్టర్ల పని పెంచుతుంది, ఎన్‌ఎండీఏ రిసెప్టర్ల పని తగ్గిస్తుంది. మొదటిది న్యూరాన్‌ను శాంతపరిచేది, రెండోది ఉత్తేజపరిచేది. రోజూ పొద్దున్నుంచి రాత్రిదాకా ఇదే జరుగుతుంటే న్యూరాన్ ఊరుకోదు, తన రిసెప్టర్ల తయారీనే మార్చుకుంటుంది. గాబా-ఏ రిసెప్టర్‌లో ఆల్ఫా1 అనే భాగం తగ్గి ఆల్ఫా4 పెరగడం, ఎన్‌ఎండీఏలో జీఆర్‌ఐఎన్2బీ లాంటి జన్యువుల ఆర్‌ఎన్‌ఏ పెరగడం జంతువుల్లో, గిన్నెల్లో పెంచిన (కల్చర్) కణాల్లో చాలాసార్లు చూశారు. బ్రేకు మీద ఎవరో శాశ్వతంగా కాలు పెట్టి ఉంచితే బండి కదలడానికి ఇంజను రేజ్ చేస్తూ పోయినట్టు. అలాంటప్పుడు ఒక్కసారిగా ఆ కాలు తీసేస్తే?

అదే మా వార్డు. చేతులు వణకడం, చెమటలు, నిద్ర లేకపోవడం, చివరి పెగ్గు తర్వాత 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్, రెండు నాలుగు రోజుల మధ్య డెలీరియం, అంటే మతి తప్పి భ్రమలు రావడం, గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు పెట్టడం. బంధువులు ‘మానేశాక పిచ్చెక్కింది సార్, తాగినప్పుడే బాగుండేవాడు’ అంటారు. వాళ్లు చూసింది నిజమే, ఆ న్యూరాన్లు మద్యం ఉన్న ఒంటికి తగ్గట్టు తమను మార్చుకున్నాయి. మద్యం గంటల్లో పోతుంది, మారిన రిసెప్టర్లు వెనక్కి రావడానికి రోజులు, వారాలు పడుతుంది. మధ్యలో ఉన్న ఆ గ్యాప్‌లోనే మనుషులు చనిపోతారు.

అందుకని చదివేవాళ్లకు ఒక మాట. రోజూ ఎక్కువగా తాగేవాళ్లను ఇంట్లో తలుపేసి కట్టేసి మాన్పించకండి. లోరజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మందులు లెక్క ప్రకారం ఇచ్చి తగ్గించుకుంటూ రావాలి, థయమిన్ (విటమిన్ బి1) ఇవ్వాలి, ఇదంతా డాక్టరు చూస్తుండగా జరగాలి. టోల్ ఫ్రీ నంబరు 14446, ఊరకనే మాట్లాడొచ్చు.

కోడ్‌పుంజు • సోమవారం, ఉదయం 8:50

డాక్టర్ గారూ, పేపర్లు చదివినప్పుడు ఈ ఆల్ఫా1, ఆల్ఫా4 పేర్లన్నీ నాకు టేబుల్లో వరసలు. ఇప్పుడు అర్థమయింది. కానీ ఒక డౌట్. మద్యం ఉంటే హిస్టోన్ వదులవుతుంది, జన్యువులు ఎక్కువ చదవబడతాయి అని పద్మక్క చెప్పారు. మానేశాక ఎసిటైల్ గుర్తులు మామూలు కంటే తగ్గిపోతాయని పేపర్లలో చూశాను. మామూలు స్థాయికి వచ్చి ఆగాలి కదా, కిందకి ఎందుకు పోవాలి?

రాత్రి_డ్యూటీ • సోమవారం, మధ్యాహ్నం 1:15

ఇది మంచి ప్రశ్న, దీని మీదే షికాగోలో ఇల్లినాయిస్ యూనివర్సిటీకి చెందిన సుభాష్ పాండే ఏళ్లుగా పనిచేస్తున్నారు. 2008లో వాళ్లు ఎలుకల అమిగ్డలాలో (భయం, ఆందోళన చూసే మెదడు భాగం) చూసింది ఇది: ఒకసారి మద్యం ఇస్తే హెచ్‌డ్యాక్ పని తగ్గింది, హిస్టోన్ ఎసిటైలేషన్ పెరిగింది, ఎన్‌పీవై అనే ఆందోళన తగ్గించే ప్రోటీన్ పెరిగింది, ఎలుక భయం తగ్గింది. చాలాకాలం ఇచ్చి ఆపేస్తే అంతా తిరగబడింది. హెచ్‌డ్యాక్ పని మామూలు కంటే పెరిగిపోయింది, ఎసిటైలేషన్ పడిపోయింది, ఎన్‌పీవై తగ్గింది, ఎలుక మూలకు నక్కింది. ట్రైకోస్టాటిన్ ఏ అనే హెచ్‌డ్యాక్ నిరోధకం ఇస్తే ఆందోళన రాలేదు. మద్యం అణచిపెట్టిన ఎంజైమును కణం సరిదిద్దుకోబోతుంది, మద్యం తీసేసరికి ఆ సరిదిద్దుడే ఎక్కువైపోతుంది.

పేషెంట్లు ‘మానేస్తే టెన్షన్ తట్టుకోలేకపోతున్నా, ఒక నైంటీ వేస్తే తగ్గుతుంది’ అంటారు. ఇంట్లోవాళ్లకి అది సాకులా వినిపిస్తుంది.

బెల్టుషాపు_బాధితుడు • సోమవారం, మధ్యాహ్నం 2:00

సాకే మరి. మా ఇంట్లో ఇరవై ఏళ్లు చూశాను నేను. ఇప్పుడు సైన్స్ వచ్చి ‘ఆయన తప్పు కాదమ్మా, ఆయన హిస్టోన్లు అలా ఉన్నాయి’ అంటే అమ్మ దెబ్బలన్నీ ఎవరి ఖాతాలో వేయాలి? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీద పడినప్పుడు ఎవరి జన్యువులూ అడగలేదు. దుకాణం మూయించారు.

ఒకప్పటి_ఫుల్‌బాటిల్ • సోమవారం, సాయంత్రం 6:45

బాధితుడు గారూ, మీ కోపానికి ఎదురు చెప్పను, నేను ఆ రెండో వైపున ఉన్నవాణ్ణి. మానేసి చాలాకాలమైంది. ఇక్కడ చదివింది నాకు సాకుగా ఉపయోగపడదు, ఎందుకంటే తాగే రోజుల్లో నాకు సాకులు కొరత లేదు, జన్యువుల దాకా వెళ్లాల్సిన పని పడలేదు. కానీ మానేసిన మొదటి నెలల్లో ఊరికే గుండె దడ, ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఏడుపు, ఇదంతా నా మనసు చెడిపోయిందని అనుకున్నాను. అది కొన్నాళ్లు ఉండి పోయేదని ఎవరైనా చెప్పి ఉంటే మధ్యలో మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి కాదేమో. దూబగుంటలో మూయించడమూ కావాలి, మానాక ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పేవాళ్లూ కావాలి.

పైపెట్_పద్మ • సోమవారం, రాత్రి 10:20

తప్పు ఎవరిది అన్నది హిస్టోన్లను అడిగితే చెప్పవు, ఆ విషయంలో బాధితుడు గారి మాటే నా మాట. ‘ఎందుకు మానలేకపోతున్నాడు’ అన్నదానికి మాత్రం ఒక ఆధారం చూపిస్తాను. స్వీడన్‌లో లిన్‌షోపింగ్ యూనివర్సిటీ వాళ్లు మద్యానికి అలవాటుపడ్డ ఎలుకల ఫ్రంటల్ కార్టెక్స్ న్యూరాన్లలో పీఆర్‌డీఎం2 అనే జన్యువు తగ్గిపోవడం గమనించారు. ఇది హిస్టోన్ మీద మిథైల్ గుర్తు పెట్టే ఎంజైము. తర్వాత ఎప్పుడూ మద్యానికి బానిస కాని ఎలుకల్లో ఆ ఒక్క జన్యువునే తగ్గించి చూశారు. అవి కూడా చేదు కలిపినా సరే వదలకుండా తాగడం మొదలుపెట్టాయి. ఫ్రంటల్ కార్టెక్స్ అంటే ‘వద్దు, ఆపు’ అని చెప్పే చోటు. అక్కడ న్యూరాన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి కావలసిన జన్యువులే ఈ ఎంజైము అదుపులో ఉన్నాయి.

ఈ మార్పు వాళ్లకు న్యూరాన్లలోనే కనిపించింది. కోడ్‌పుంజు, నీ మొదటి ప్రశ్నతో దీనికి సంబంధం ఉంది, తర్వాత వస్తాను.

వరంగల్_కుర్రోడు • సోమవారం, రాత్రి 11:15

మా అన్న మందు తాగడు, కల్లు తాగుతాడు, రోజూ. మొన్న ఊళ్లో కల్లు దొరకలేదు, మరుసటి రోజు నుంచి చేతులు వణుకు, నిద్ర లేదు, ఎవరో పిలుస్తున్నారంటున్నాడు. కల్లులో ఉన్నదే అంతంత ఆల్కహాల్ కదా, దానికే ఇంత అవుతుందా?

రాత్రి_డ్యూటీ • సోమవారం, రాత్రి 11:22

వరంగల్ తమ్ముడూ, పొద్దున దాకా ఆగకు, ఇప్పుడే పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లు. లేని మాటలు వినిపిస్తున్నాయంటే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. కల్లు తాగేవాడని, ఎప్పటి నుంచి ఆగిందో డాక్టరుకు కచ్చితంగా చెప్పు. మీరు వెళ్లాక మిగతావాళ్ల కోసం రాస్తాను.

రాత్రి_డ్యూటీ • మంగళవారం, ఉదయం 12:30

తాజా తాటికల్లులో ఆల్కహాల్ తక్కువే. కానీ తెలంగాణలో చాలా చోట్ల అమ్మేది చెట్టు కల్లు కాదు, నీళ్లలో అల్‌ప్రజోలామ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపినది. 2015లో కల్తీ కల్లు మీద దాడులు చేసి ఒక్కసారిగా ఆపేసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి కేసులు గుంపులుగా వచ్చాయి. అల్‌ప్రజోలామ్ పనిచేసేది కూడా గాబా-ఏ రిసెప్టర్ మీదే. అందుకే వణుకు, ఫిట్స్, భ్రమలు అచ్చం మందు మానినట్టే ఉంటాయి. ఒకే తలుపు నుంచి వచ్చిన రెండు పదార్థాలకు న్యూరాన్ చాలావరకు ఒకేలా సర్దుకుంటుంది.

లెక్కలమాస్టారు • మంగళవారం, ఉదయం 7:40

నాకో అనుమానం. ఈ కల్చర్ పేపర్లన్నిటిలో మద్యం గాఢత 50 మిల్లీమోలార్, 100 మిల్లీమోలార్ అని రాస్తుంటారు. మనిషి రక్తంలో అంత ఉంటుందా, లేక గిన్నెలో కణాలను మద్యంలో ఊరగాయ పెట్టి ఫలితం వచ్చిందంటున్నారా?

పైపెట్_పద్మ • మంగళవారం, ఉదయం 9:05

మాస్టారూ, మంచి చోట పట్టుకున్నారు. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో మన చట్టం పెట్టిన హద్దు 100 ఎంఎల్ రక్తంలో 30 మి.గ్రా., అది సుమారు 6.5 మిల్లీమోలార్. అమెరికాలో 80 మి.గ్రా., అంటే 17. 50 మిల్లీమోలార్ అంటే 230 మి.గ్రా., మామూలు మనిషికి కాళ్లు నిలవవు, కానీ రోజూ తాగేవాళ్లు ఆ స్థాయిలో మాట్లాడుతూ తిరుగుతుంటారు, డాక్టర్ గారు ఒప్పుకుంటారనుకుంటా. 100 మాత్రం ప్రాణం మీదకు వచ్చే స్థాయి. కాబట్టి 100 అని కనిపిస్తే అనుమానించండి, 50 అంటే బానిసైనవాళ్ల రక్తంలో నిజంగా ఉండేదే.

50తో చేసిన ఒక పని చెప్తా. అమెరికాలో కనెక్టికట్ యూనివర్సిటీ వాళ్లు 2012లో మనుషుల చర్మ కణాలను మూలకణాలుగా మార్చి, వాటి నుంచి న్యూరాన్లు పెంచి, వారం రోజులు మద్యంలో ఉంచారు. మద్యానికి బానిసలైన మనుషుల నుంచి వచ్చిన కణాల్లో మూడు ఎన్‌ఎండీఏ జన్యువుల ఆర్‌ఎన్‌ఏ పెరిగింది, బానిసలు కానివాళ్ల కణాల్లో పెరగలేదు. ఆ గిన్నెలో న్యూరాన్లు ఎప్పుడూ సారా దుకాణం చూసినవి కావు, మనిషి చర్మం నుంచి కొత్తగా పుట్టినవి. అయినా స్పందన వేరుగా ఉంది. చిన్న పైలట్ అధ్యయనం, ఎక్కువ బరువు పెట్టకూడదు, అయినా నాకు చాలా ఇష్టమైన పేపర్.

తెనాలి_టెకీ • మంగళవారం, ఉదయం 9:50

అంటే అది పుట్టుకతోనే ఉన్నట్టా? మా నాన్న తాగేవాడు. నేను ఒక్క బీరు కూడా ముట్టలేదు, భయంతోనే. నా న్యూరాన్లలో కూడా ఆ మార్పులు వచ్చేసి ఉంటాయా?

పైపెట్_పద్మ • మంగళవారం, మధ్యాహ్నం 12:40

ఇక్కడ రెండు సంగతులు కలిపేస్తున్నారు అందరూ. తల్లిదండ్రుల నుంచి వచ్చే డీఎన్‌ఏ తేడాలు ఒకటి. కవలల అధ్యయనాలు కలిపి చూస్తే మద్య వ్యసనం రిస్క్‌లో సుమారు సగం వారసత్వం, మిగతా సగం పెరిగిన చోటు, స్నేహాలు, దొరకడం, దొరక్కపోవడం. తూర్పు ఆసియాలో ఏఎల్‌డీహెచ్2లో (ఎసిటాల్డిహైడ్‌ను ఎసిటేట్‌గా మార్చే ఎంజైము జన్యువు) ఒక తేడా ఉన్నవాళ్లకు ఒక గ్లాసుకే మొహం ఎర్రబడి వాంతి వస్తుంది, వాళ్లు బానిసలయ్యే అవకాశం బాగా తక్కువ. ఇలాంటివన్నీ పుట్టుకతో వచ్చేవి. మనం ఈ థ్రెడ్‌లో మాట్లాడుతున్న ఎసిటైల్, మిథైల్ గుర్తులు తాగినవాడి న్యూరాన్లలో తాగడం వల్ల వచ్చేవి. నువ్వు తాగకపోతే ఆ రెండోవి నీకు రావు.

మరి నాన్న వీర్యకణాల ద్వారా గుర్తులు వస్తాయా అంటే, పిట్స్‌బర్గ్‌లో మగ ఎలుకలకు వారాలపాటు మద్యం ఆవిరి పట్టించి 2014లో చూశారు. వాటి మగపిల్లలు మద్యం ఎక్కువ తాగుతాయని అనుకుంటాం కదా, తక్కువ తాగాయి! పైగా కొంచెం మద్యానికే ఎక్కువ స్పందించాయి. తాగుబోతు కొడుకు తాగుబోతే అవుతాడని మన ఊళ్లో పెళ్లి సంబంధాల దగ్గర తీర్పులిచ్చే పెద్దమనుషులకు ఈ పేపర్ ప్రింట్ తీసి ఇవ్వాలనిపిస్తుంది, ఎలుకల పేపరే అయినా.

తెనాలి_టెకీ • మంగళవారం, మధ్యాహ్నం 12:58

థాంక్యూ అక్కా. నిజంగా.

ఉప్పూకారం • మంగళవారం, సాయంత్రం 5:30

హెచ్‌డ్యాక్‌ను ఆపే మందు ఇస్తే ఎలుక బాగైందన్నారు కదా డాక్టర్ గారూ, మనుషులకు ఎందుకివ్వరు? ఫిట్స్‌కి ఇచ్చే వాల్‌ప్రోయేట్ కూడా హెచ్‌డ్యాక్ నిరోధకమే అని చదివాను, అది మెడికల్ షాపులో దొరుకుతుంది.

రాత్రి_డ్యూటీ • మంగళవారం, రాత్రి 11:50

నిరోధకమే, కానీ మెడికల్ షాపు మాట మర్చిపో. హెచ్‌డ్యాక్‌లు ఒంట్లో ప్రతి కణంలో ఉంటాయి. ఈ మందు మింగితే అమిగ్డలాలో ఒక్క జన్యువు దగ్గర కాకుండా లివర్ నుంచి ఎముక మజ్జ దాకా వేల జన్యువుల దగ్గర మార్పు వస్తుంది. వాల్‌ప్రోయేట్ ఇప్పటికే చెడిన లివర్‌కు మంచిది కాదు, గర్భిణికి ఇస్తే బిడ్డకు ప్రమాదం. మేము వాడేవి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్, కొందరికి డైసల్ఫిరామ్, అదీ ఇంట్లోవాళ్లకూ పేషెంటుకూ చెప్పి మాత్రమే. డైసల్ఫిరామ్ కూరలో కలిపి తెలియకుండా పెడుతుంటారు కొందరు, దాని మీద తాగితే ప్రాణం పోవచ్చు.

ఒక్క జన్యువు దగ్గరే గుర్తు మార్చడం మాత్రం ల్యాబ్‌లో జరిగింది. అదే షికాగో బృందం 2022లో చేసింది. కౌమారంలో మద్యం ఇచ్చిన ఎలుకలు పెద్దయ్యాక, మద్యం లేకపోయినా, ఆందోళనగా ఉండి ఎక్కువ తాగేవి. వాటి అమిగ్డలాలో ఆర్క్ అనే జన్యువు దగ్గరున్న స్విచ్ ప్రాంతం అణిగిపోయి ఉంది. డీఎన్‌ఏను కత్తిరించని రకం క్రిస్పర్‌కు (డీఎన్‌ఏలో కావలసిన చోటును వెతికి పట్టుకునే పనిముట్టు) ఎసిటైల్ తగిలించే ఎంజైమును జోడించి సరిగ్గా అక్కడికే పంపారు. ఆర్క్ తిరిగి పెరిగింది, ఆందోళన తగ్గింది, తాగడమూ తగ్గింది. మామూలు ఎలుకల్లో అదే చోటును అణచేస్తే, చిన్నప్పుడు మద్యం తగలకపోయినా అవి ఆందోళనపడి తాగాయి. రెండు వైపుల నుంచీ రుజువైంది. కానీ ఇది మెదడులోకి సూదితో ఎక్కించిన పని, రేపు క్లినిక్‌కి వచ్చేది కాదు.

నాకు ఇందులో వాడుకోదగ్గ ముక్క వేరే. పదిహేను పదహారేళ్లకు వీకెండ్ పార్టీలు మొదలుపెట్టినవాళ్ల గురించి తల్లిదండ్రులు ‘పెద్దయ్యాక సర్దుకుంటాడు’ అంటారు. ఆ ఎలుకలకు పెద్దయ్యాక కూడా సర్దుకోలేదు.

ఒకప్పటి_ఫుల్‌బాటిల్ • బుధవారం, ఉదయం 6:15

మరి నాలాంటి వాళ్లకి, నలభై దాటాక మానినవాళ్లకి, తిరిగి వస్తుందా డాక్టర్ గారూ? సూటిగా చెప్పండి.

రాత్రి_డ్యూటీ • బుధవారం, ఉదయం 7:00

కొంత వస్తుంది. మానిన వారాల్లో, నెలల్లో మెదడు కుంచించుకుపోయిన పరిమాణం కొంత తిరిగి పెరగడం స్కానుల్లో కనిపిస్తుంది, వణుకు, నిద్ర, ఆందోళన చాలామందిలో మెరుగవుతాయి. సిగరెట్లు కూడా మానేస్తే కోలుకోవడం ఇంకా బాగుంటుంది. థయమిన్ లోపంతో జ్ఞాపకశక్తి దెబ్బతిన్నవాళ్లలో మాత్రం పూర్తిగా రావడం కష్టం. బతికున్న మనిషి న్యూరాన్లలో ఏ గుర్తు ఎప్పుడు పోయిందో నేరుగా చూడలేం, మెదడు ముక్క కోసి తీయలేం కదా.

పైపెట్_పద్మ • బుధవారం, ఉదయం 8:30

సరే, కోడ్‌పుంజు ప్రశ్న బాకీ ఉంది. గ్లియాలోనే ఎక్కువ మార్పులు ఎందుకు?

ఒక కారణం బయాలజీ. దీర్ఘకాల మద్యం మైక్రోగ్లియాలో, ఆస్ట్రోసైట్లలో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) దారులను లేపుతుంది, టీఎల్‌ఆర్4, ఎన్‌ఎఫ్ కప్పా బీ అవన్నీ, దీని మీద నార్త్ కరొలైనాలో ఫుల్టన్ క్రూస్ చాలా పని చేశారు. ఆలిగోడెండ్రోసైట్లు న్యూరాన్ తొడుగైన మైలిన్ తయారుచేస్తాయి, మద్యానికి బానిసలైనవాళ్ల ఫ్రంటల్ కార్టెక్స్‌లో మైలిన్ జన్యువులు తగ్గాయని 2000లోనే మైక్రోఅరేలతో (వేల జన్యువుల ఆర్‌ఎన్‌ఏను ఒకేసారి కొలిచే చిప్‌లు) చూశారు. కాబట్టి గ్లియా ఫలితం ఆశ్చర్యం కాదు, న్యూరాన్ తొడుగూ కాపలా రెండూ మారితే న్యూరాన్ పనీ మారుతుంది.

ఇంకో కారణం స్టాటిస్టిక్స్, ఇది నువ్వే చూసుకోవాలి. న్యూరాన్లు ఒకే రకం కాదు. ఉత్తేజపరిచేవి, అణచేవి, ఒక్కో పొరలో ఒక్కో ఉపరకం. ఒక ఉపరకంలో ఆల్ఫా4 పెరిగి ఇంకోదాంట్లో తగ్గితే కలిపి చూసినప్పుడు ఏమీ కనిపించదు. అన్నిటికంటే ముఖ్యం, నీ దగ్గర ఉన్నది 16 వేల నమూనాలు కాదు తమ్ముడూ, ఏడుగురు మనుషులు. ఒకే మనిషి కేంద్రకాలు ఒకదానికొకటి పోలి ఉంటాయి, వాటిని విడివిడి నమూనాలుగా లెక్కేస్తే పీ విలువలు సున్నాలతో మెరిసిపోతాయి, లేని తేడా కూడా గట్టిదిలా కనిపిస్తుంది. మనిషి వారీగా, కణరకం వారీగా కేంద్రకాలు కూడగట్టి సూడోబల్క్ చేయి, అప్పుడు పోల్చు. తర్వాత వయసు, సిగరెట్లు, లివర్ జబ్బు, చనిపోయాక మెదడు తీసేదాకా పట్టిన సమయం, కణజాలం పీహెచ్, ఆర్‌ఎన్‌ఏ నాణ్యత ఇవన్నీ మోడల్లో పెట్టాలి, ఏడుగురితో అన్నీ పెట్టలేవు కాబట్టి ఏవి పెట్టావో ఎందుకో రాయి. తాగేవాళ్లలో పొగతాగేవాళ్లు ఎక్కువ. సిగరెట్ ఫలితాన్ని మందు ఖాతాలో వేసిన పేపర్లు లేవనుకోకు.

ఇంకా, జన్యువు జన్యువుగా కాకుండా కలిసి కదిలే గుంపులుగా చూడు. 2012లో ఇలా చూసినప్పుడే ఒక వింత బయటపడింది: బానిసలైనవాళ్ల మెదడులో డీఎన్‌ఏలో నిద్రపోతున్న పాత రెట్రోవైరస్ భాగాల మీద మిథైలేషన్ తగ్గి, అవి కొంత మేలుకున్నాయి. ఒక్కో జన్యువూ ఇరవై శాతం కదిలితే ఎవరూ చూడరు, వందల జన్యువులు ఒకే దిక్కుకు ఇరవై శాతం కదిలితే చూడాలి.

వరంగల్_కుర్రోడు • బుధవారం, మధ్యాహ్నం 3:10

డాక్టర్ గారూ, ఆ రాత్రే తీసుకెళ్లాం. దారిలో ఒకసారి ఫిట్స్ వచ్చింది. ఇప్పుడు వార్డులో ఉన్నాడు, నిద్రపోతున్నాడు. కల్లు అని చెప్పగానే వాళ్లకు అర్థమైపోయింది.

రాత్రి_డ్యూటీ • బుధవారం, మధ్యాహ్నం 3:40

మంచి పని చేశావు. డిశ్చార్జి రోజున అల్‌ప్రజోలామ్ లాంటి మాత్ర ఏదైనా రాస్తే అది ఎన్ని రోజులు, ఎలా తగ్గించాలో కాగితం మీద రాయించుకో. మాత్రలు నీ దగ్గర పెట్టుకో, అన్న దగ్గర కాదు.

కోడ్‌పుంజు • గురువారం, రాత్రి 10:55

పద్మక్కా, సూడోబల్క్ చేశాను. న్యూరాన్ల జాబితా ఇంకా చిక్కిపోయింది, గ్లియాది కూడా సగానికి పైగా రాలిపోయింది, ఆస్ట్రోసైట్లవి మాత్రం కొన్ని నిలబడ్డాయి. అణచే న్యూరాన్లను విడిగా తీస్తే కొందరు డోనర్లలో వాటి సంఖ్యే చాలా తక్కువ. గైడ్ గారు ‘రిజల్ట్ లేదంటే ఎలా’ అంటున్నారు.

పైపెట్_పద్మ • శుక్రవారం, ఉదయం 6:20

ఏ కణరకంలో ఎంతమంది డోనర్ల నుంచి ఎన్ని కేంద్రకాలు ఉన్నాయో ఒక టేబుల్ వేసి మొదటి పేజీలో పెట్టు, ఆయన దాన్ని చూశాక మాట్లాడతారు. తర్వాత నిలబడ్డ ఆస్ట్రోసైట్ జన్యువులు పట్టుకుని, మద్యం ఆవిరి పట్టించిన ఎలుకల కార్టెక్స్ డేటాలో అవే జన్యువులు అదే దిక్కుకు కదిలాయో లేదో చూడు. ఎలుకలు సిగరెట్లు తాగవు, వాటి లివర్ ఇరవై ఏళ్లు చెడి ఉండదు. రెండు చోట్లా ఒకే దిక్కున ఉన్నవి పది మిగిలినా నీ ప్రాజెక్టుకు చాలు.

కోడ్‌పుంజు • శుక్రవారం, ఉదయం 9:02

ఎలుక జన్యువుల పేర్లను మనిషి పేర్లకు మ్యాప్ చేయడం మొదలుపెట్టాను. ఆదివారం లోపు దిక్కుల టేబుల్ ఇక్కడే పెడతాను, లెక్కలమాస్టారు గారు కూడా ఒకసారి చూడాలి.